అన్నవాహిక తొలిదశ క్యాన్సర్: గడ్డకట్టించే చికిత్స ఎవరికి, కోసి తీసే చికిత్స ఎవరికి

తిరుపతిలోనో చిత్తూరులోనో ఎండోస్కోపీ చేయించుకున్న మనిషికి బయాప్సీలో అన్నవాహిక క్యాన్సర్ అని తేలి, ఇది తొలిదశలోనే దొరికిందని డాక్టరు చెప్పినప్పుడు, భయంతో పాటు ఒక చిక్కు కూడా ఇంటికి వస్తుంది. ముదిరిన క్యాన్సర్‌కు దారులు తక్కువ. ఏది ముందు, ఏది తర్వాత అన్నది కూడా చాలావరకు ఖరారై ఉంటుంది. తొలిదశలో అలా కాదు. ఎండోస్కోపీ గొట్టం వేసి లోపలి పొరను కోసి తీయవచ్చు, చలితో గడ్డకట్టించి చంపవచ్చు, వేడితో మాడ్చవచ్చు, రేడియేషన్ ఇవ్వవచ్చు, ఆపరేషన్ చేసి అన్నవాహికనే తొలగించవచ్చు. ఒక్కో ఆస్పత్రిలో ఒక్కో మాట వినిపిస్తుంది. ఫోనులో వెతికిన పిల్లలు మరో మాట చెబుతారు. వీటన్నిటిలో క్రయోథెరపీ, అంటే గడ్డకట్టించే చికిత్స, వినడానికి సుతిమెత్తగా ఉంటుంది. కోత లేదు, కుట్లు లేవు, చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. మనసు ముందుగా దానివైపు మొగ్గడం సహజమే.

నా అభిప్రాయం మొదటే చెబుతాను. కోసి తీయగలిగిన మచ్చను గడ్డకట్టించి వదిలేయడం సరైన ఎంపిక కాదు. కోయడానికి వీలులేని మనిషికి, లేదా కోయడానికి వీలులేని చోట, గడ్డకట్టించడం మంచి ఎంపికే; కొందరికి అదొక్కటే మిగులుతుంది. ఈ తేడా ఎక్కడ పుడుతుందో అర్థమైతే డాక్టరును ఏం అడగాలో సులువుగా తెలుస్తుంది.

ముందు తేలవలసింది లోతు

అన్నవాహిక సుమారు 25 సెంటీమీటర్ల పొడవున్న కండర గొట్టం. దాని గోడలో అన్నిటికంటే లోపల, మనం మింగిన ముద్ద తగిలే చోట, శ్లేష్మపొర ఉంటుంది. దాని వెనక రక్తనాళాలూ లింఫు నాళాలూ అల్లుకుపోయిన ఉపశ్లేష్మపొర, ఆ తర్వాత కండరం ఉంటాయి. క్యాన్సర్ శ్లేష్మపొర దాటకపోతే టీ1ఏ అనీ, ఉపశ్లేష్మపొరలోకి దిగితే టీ1బీ అనీ రిపోర్టులో రాస్తారు. ఈ రెండింటి మధ్య దూరం కొలిస్తే మిల్లీమీటరు కూడా ఉండకపోవచ్చు. కానీ చికిత్స మొత్తం ఆ కాస్త దూరం మీదే ఆధారపడి ఉంటుంది, ఎందుకంటే లోతు పెరిగే కొద్దీ క్యాన్సర్ కణాలు లింఫు నాళాల్లో పడి, అన్నవాహిక బయట ఉన్న లింఫు గ్రంథులకు చేరే ప్రమాదం పెరుగుతుంది. గొట్టం ద్వారా చేసే ఏ చికిత్స అయినా అన్నవాహిక లోపలి పక్కకే పరిమితం. బయటి గ్రంథిలో చేరిన క్యాన్సర్‌ను అది తాకలేదు.

క్యాన్సర్ రకం కూడా తెలియాలి. మన దేశంలో ఎక్కువగా కనిపించేది స్క్వామస్ రకం. బీడీ, సిగరెట్, గుట్కా, వక్కతో నమిలే పొగాకు, సారాయి దీనికి ప్రధాన కారణాలు. పొగలు కక్కే కాఫీ, టీలను అలాగే గుటకేసే అలవాటునూ తేలిగ్గా తీసుకోకూడదు. 65 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడితో తాగే పానీయాలు బహుశా క్యాన్సర్ కారకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో వర్గీకరించింది. రెండోది అడినోకార్సినోమా. ఏళ్ల తరబడి పులితేన్పులతో, ఛాతీమంటతో బాధపడినవారిలో అన్నవాహిక అడుగుభాగపు పొర మారిపోయి, బారెట్స్ అనే స్థితి ఏర్పడి, అందులోంచి ఇది పుడుతుంది. పాశ్చాత్య దేశాల్లో దీని వాటా ఎక్కువ.

ఈ తేడాను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. గడ్డకట్టించే చికిత్స మీద వచ్చిన అధ్యయనాల్లో అధికభాగం అమెరికాలో, బారెట్స్ రోగుల మీద, అడినోకార్సినోమా మీద జరిగినవి. స్క్వామస్ రకం అంతకంటే తక్కువ లోతులోనే గ్రంథులకు పాకుతుంది. శ్లేష్మపొరలోనే మూడు అంతస్తులుంటాయి. క్యాన్సర్ పై రెండింటికే పరిమితమైతే పాకడం చాలా అరుదు. మూడో అంతస్తును తాకితే నూటికి సుమారు పది మందిలో పాకి ఉండవచ్చు. ఉపశ్లేష్మపొరలో లోతుగా దిగితే ఆ సంఖ్య మూడో వంతుకు చేరుతుంది, ఒక్కోసారి దాటుతుంది. అడినోకార్సినోమాలో శ్లేష్మపొర వరకు ప్రమాదం నూటికి రెండుకు మించదు. కాబట్టి అమెరికా రోగికి పనికొచ్చిన అంకెను తెచ్చి, పలమనేరులో బీడీలు కాల్చిన పెద్దాయనకు ఉన్నదున్నట్టు అంటగట్టకూడదు.

లోతును అంచనా వేయడానికి పరీక్షలున్నాయి. అయోడిన్ ద్రావణం చల్లితే ఆరోగ్యమైన పొర గోధుమరంగుకు తిరుగుతుంది. చెడిన చోట రంగు పట్టదు. నారో బ్యాండ్ ఇమేజింగ్ అనే ప్రత్యేక కాంతిలో చిన్న రక్తనాళాల తీరు చూసి అనుభవం ఉన్న డాక్టరు లోతును చాలావరకు ఊహించగలరు. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్, సీటీ, పెట్ సీటీ స్కాన్లు గ్రంథుల సంగతి చెబుతాయి. అయితే టీ1ఏనా, టీ1బీనా అన్న సన్నని గీతను అల్ట్రాసౌండ్ కూడా తరచూ తప్పుగా చదువుతుంది. అసలు లోతు తేలేది కోసి తీసిన ముక్కను సూక్ష్మదర్శిని కింద చూసినప్పుడే.

ఇక్కడే ఒక చిన్న జాగ్రత్త. రెండో అభిప్రాయం కోసం వెళ్లిన ప్రతి చోటా మళ్లీ బయాప్సీ చేయించుకోవద్దు. ఒకేచోట పదేపదే గిల్లితే ఆ పొర కింది కణజాలానికి అతుక్కుపోయి, తర్వాత కోసి తీయడం కష్టమవుతుంది. మొదటి బయాప్సీ తాలూకు మైనపు బ్లాకులు, స్లైడ్లు ల్యాబు నుంచి అడిగి తీసుకోవచ్చు. వాటిని, ఎండోస్కోపీ ఫొటోలను, స్కాన్ సీడీలను ఒక సంచిలో పెట్టుకొని వెళ్తే చాలాచోట్ల అవే చాలు.

కోసి తీస్తే చేతికి ఏం వస్తుంది

గొట్టం ద్వారా కోసి తీయడంలో రెండు పద్ధతులున్నాయి. ఎండోస్కోపిక్ మ్యూకోసల్ రిసెక్షన్, అంటే ఈఎంఆర్‌లో, మచ్చను గొట్టం కొసన ఉన్న మూతలోకి పీల్చి, తీగ ఉచ్చు బిగించి కోస్తారు. సుమారు రెండు సెంటీమీటర్ల లోపు మచ్చ ఒకే ముక్కగా వస్తుంది. పెద్దదైతే ముక్కలుముక్కలుగా తీయాలి. జపాన్‌లో అభివృద్ధి చేసిన ఎండోస్కోపిక్ సబ్‌మ్యూకోసల్ డిసెక్షన్, అంటే ఈఎస్‌డీలో, మచ్చ కిందికి రంగు కలిపిన ద్రవం ఎక్కించి దాన్ని పైకి ఉబ్బించి, చుట్టూ సన్నని కత్తితో గాటు పెట్టి, అడుగు నుంచి ఓపికగా ఒలిచి మొత్తం ఒకే ముక్కగా తీస్తారు. దీనికి గంటలు పట్టవచ్చు. చేసేవారి చేతి నైపుణ్యం మీద చాలా ఆధారపడుతుంది. స్క్వామస్ క్యాన్సర్‌కు ఈ రెండో పద్ధతే మేలు, ముఖ్యంగా మచ్చ పెద్దదైనప్పుడు.

ఆ ముక్క బయటికి వచ్చాక జరిగే పని మనకు కనబడదు కానీ అసలు విలువంతా అందులోనే ఉంది. తడి ఆరకముందే దాన్ని చదునైన పలక మీద పరిచి, అంచుల వెంట సన్నని సూదులు గుచ్చి, ముడుచుకోకుండా సాగదీసి ఉంచుతారు. నోటివైపు అంచు ఏది, కడుపువైపు అంచు ఏది అని గుర్తు పెడతారు. ఫార్మలిన్‌లో నానిన తర్వాత పెథాలజిస్టు దాన్ని రెండు మిల్లీమీటర్ల పట్టీలుగా కోసి ఒక్కొక్క పట్టీని చూస్తారు. క్యాన్సర్ ఎన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోతుకు దిగింది, పక్క అంచులు, అడుగు అంచు శుభ్రంగా ఉన్నాయా, రక్తనాళాల్లో గానీ లింఫు నాళాల్లో గానీ కణాలు కనబడ్డాయా, కణాల తీరు ఎంత క్రూరంగా ఉంది అన్న నాలుగు జవాబులు ఆ రిపోర్టులో వస్తాయి. ఉపశ్లేష్మపొరలోకి దిగినా స్క్వామస్ రకంలో 200 మైక్రాన్ల లోపా, పైనా అని కూడా చూస్తారు. అడినోకార్సినోమాలో ఆ హద్దు 500 మైక్రాన్లు.

దూలానికి చెద పట్టినప్పుడు పైపైన మందు కొట్టడం వేరు, పట్టిన మేర చెక్కి తీసి లోపలికి ఎంతవరకు తిన్నదో చూసుకోవడం వేరు. మందుతో చెద చావవచ్చు. దూలం నిలబడుతుందో లేదో మాత్రం చెక్కి చూసినవాడే చెప్పగలడు.

రిపోర్టు బాగుంటే చికిత్స అక్కడితో ముగుస్తుంది; అన్నవాహిక ఉన్నచోటే ఉంటుంది. బాగుండకపోతే తర్వాతి అడుగు కూడా ఆ రిపోర్టే చెబుతుంది. జపాన్ క్లినికల్ ఆంకాలజీ గ్రూపు చేసిన 0508 నంబరు అధ్యయనంలో, ముందు గొట్టం ద్వారా కోసి తీసి, ముక్కలో ప్రమాద సూచనలు కనబడినవారికి మాత్రమే కీమో, రేడియేషన్ ఇచ్చారు. వారిలో అంచులు శుభ్రంగా ఉన్నవారికి 41.4 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత), అడుగు అంచులో క్యాన్సర్ మిగిలినవారికి 50.4 గ్రే. మొత్తం రోగుల్లో మూడేళ్ల తర్వాత బతికి ఉన్నవారు 92.6 శాతం. పెద్ద ఆపరేషన్ లేకుండా వచ్చిన ఫలితమిది. ముక్క చేతికి రాకపోతే ఎవరికి రేడియేషన్ కావాలో, ఎవరికి అక్కరలేదో విడదీయడానికి దారే ఉండేది కాదు.

ఇబ్బందులూ ఉన్నాయి. రక్తస్రావం, గోడకు చిల్లు పడటం అరుదుగానైనా జరుగుతాయి. అన్నవాహిక చుట్టుకొలతలో నాలుగింట మూడు వంతులకు మించి పొర తీయవలసి వస్తే, మానేటప్పుడు అది కుదించుకుపోయి మింగడం కష్టమవుతుంది. దాన్ని ఆపడానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు గానీ మాత్రలు గానీ ఇస్తారు. అయినా బిగిస్తే బెలూన్‌తో విడతలుగా వెడల్పు చేస్తారు. ఈ సంగతి ముందే చెప్పే డాక్టరును నమ్మవచ్చు.

గడ్డకట్టించడం ఎలా పనిచేస్తుంది

చలితో కణితులను చంపడం కొత్త ఆలోచన కాదు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలోనే ఇంగ్లండులో జేమ్స్ ఆర్నాట్ అనే వైద్యుడు మంచు, ఉప్పు కలిపిన మిశ్రమంతో పైకి కనబడే కణితులను గడ్డకట్టించాడు. అన్నవాహిక లోపల చల్లే ద్రవ నైట్రోజన్ పరికరానికి అమెరికాలో 2007లో అనుమతి వచ్చింది.

కణంలో నీరు ఒక్కసారిగా గడ్డకట్టినప్పుడు మంచు స్ఫటికాలు లోపలి నుంచే దాని పొరను చీల్చేస్తాయి. కరిగేటప్పుడు చిన్న రక్తనాళాల్లో రక్తం గడ్డలు కట్టి, ఆ చోటికి రక్తం అందక మిగిలిన కణాలు తర్వాతి రోజుల్లో చనిపోతాయి. అందుకే వేగంగా గడ్డకట్టించి, నిదానంగా కరగనిచ్చి, మళ్లీ గడ్డకట్టిస్తారు. కణాలు చచ్చినా వాటిని పట్టి ఉంచే కొలాజెన్ చట్రం చాలావరకు చెడకుండా మిగులుతుంది. వేడితో కాల్చినప్పటితో పోలిస్తే నొప్పి తక్కువగా ఉండటానికి, లోతుగా వెళ్లినా గోడకు చిల్లు పడటం అరుదు కావడానికి ఇదొక కారణం.

మూడు రకాల పరికరాలు వాడుకలోకి వచ్చాయి. ద్రవ నైట్రోజన్ చల్లేది మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ వద్ద పనిచేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ వాయువుతో చల్లేది మైనస్ 78 డిగ్రీల వరకు దింపుతుంది. మూడోది క్రయోబెలూన్. అన్నవాహికలో పారదర్శకమైన బెలూన్ ఉబ్బించి, దాని లోపల నైట్రస్ ఆక్సైడ్ చిమ్మి, తగిలిన గోడను మైనస్ 85 డిగ్రీల దగ్గరకు చల్లబరుస్తుంది. క్యాన్సర్ మీద ఎక్కువ అనుభవం ఉన్నది ద్రవ నైట్రోజన్‌తోనే.

గదిలో ఏం జరుగుతుందో చూద్దాం. రోగికి మత్తు ఇచ్చి గొట్టం దించుతారు. ద్రవ నైట్రోజన్ వాయువుగా మారేటప్పుడు సుమారు ఏడు వందల రెట్లు వ్యాకోచిస్తుంది కనుక, ఆ గాలి బయటికి రావడానికి గొట్టం పక్కనే మరో పీల్చే గొట్టం తప్పనిసరిగా వేస్తారు. ఒకరు రోగి పొట్ట మీద చెయ్యి వేసి ఉంచి, అది బిగుసుకుంటే వెంటనే ఆపమని చెబుతారు. సన్నని కాథెటర్ కొస నుంచి చల్లడం మొదలుపెట్టగానే ఎర్రని పొర మీద తెల్లని పొడిమంచు పరుచుకుంటుంది. ఆ చోటంతా తెల్లబడిన క్షణం నుంచి 20 లేదా 30 సెకన్లు లెక్కపెడతారు. తెలుపు పూర్తిగా కరిగి, పొర నలిగిన ఎరుపుకు తిరిగేదాకా ఆగి రెండోసారి చల్లుతారు. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మళ్లీ చూసి, మిగిలినదాన్ని మళ్లీ గడ్డకట్టిస్తారు. ఒక్క విడతతో అయిపోయే చికిత్స కాదిది. మూడు, నాలుగు విడతలు మామూలు.

ఫలితాల సంగతికి వస్తే, అమెరికాలోని పలు ఆస్పత్రులు కలిసి 2010లో ప్రచురించిన అధ్యయనం తరచూ ప్రస్తావనకు వస్తుంది. ఆపరేషన్‌కు తగనివారు, వద్దన్నవారు, ఇతర చికిత్సలు ఫలించనివారు మొత్తం 79 మంది ఇందులో ఉన్నారు. చికిత్స పూర్తిచేసిన వారిలో, క్యాన్సర్ శ్లేష్మపొరకే పరిమితమైన 24 మందిలో 18 మందికి లోపలి పక్క కణితి పూర్తిగా కనబడకుండా పోయింది. అప్పటికే దారులు మూసుకుపోయిన మనుషుల్లో ఇది చిన్న ఫలితం కాదు. కానీ అదే అంకెను తిరగేసి చదివితే నలుగురిలో ఒకరికి లోపల కణితి మిగిలే ఉంది. రోగులను గమనించిన కాలం కూడా సగటున ఏడాది లోపే. పైగా కనబడకుండా పోవడం అంటే లోపలి పక్క కనబడకపోవడం. పైన ఆరోగ్యమైన పొర మొలిచి, దాని కింద క్యాన్సర్ దాగి ఉండే వీలుంది. గడ్డకట్టించే పద్ధతికీ, కాల్చే పద్ధతికీ ఉన్న అసలు లోపం ఇదే. చచ్చిన కణజాలం లోపలే రాలిపోతుంది. పెథాలజిస్టుకు పంపడానికి ఏమీ మిగలదు.

ఎవరికి ఏది

నలభై ఎనిమిదేళ్ల మనిషి, గుండె, ఊపిరితిత్తులు బాగున్నాయి, ఒకటిన్నర సెంటీమీటరు మచ్చ, స్కాన్లలో ఉబ్బిన లింఫు గ్రంథులు లేవు అనుకుందాం. ఇతనికి క్రయోథెరపీ చేద్దామని ఎవరైనా అంటే, ఎందుకు కోసి తీయకూడదని అడిగి తీరాలి. ఇక్కడ పరికరం లేదనో, చేసేవారు లేరనో జవాబు వస్తే, అది రోగికి సంబంధించిన కారణం కాదు, ఆస్పత్రికి సంబంధించిన కారణం. అప్పుడు చేయవలసింది ఆస్పత్రి మారడం.

డెబ్బై ఎనిమిదేళ్ల పెద్దాయన సంగతి వేరు. రెండు స్టెంట్లు, రక్తం పలచబడే మందులు ఆపడానికి వీలులేదు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఆయనకు గంటల తరబడి మత్తులో ఉంచి చేసే ఈఎస్‌డీ కంటే గడ్డకట్టించడం భరించదగిన చికిత్స. ఆయన విషయంలో లింఫు గ్రంథుల ప్రమాదాన్ని, గుండె వల్ల ఉన్న ప్రమాదాన్ని పక్కపక్కన పెట్టి చూడాలి. రెండోదే పెద్దదైతే ముక్క దొరకలేదన్న లోటుకు అంత బరువు ఉండదు.

మూడో రకం, నా దృష్టిలో క్రయోథెరపీకి అసలైన చోటు. ఇంతకుముందే కీమో, రేడియేషన్ తీసుకొని, ఏడాదో రెండేళ్లో బాగుండి, మళ్లీ అదే చోట చిన్న మచ్చ తిరగబెట్టినవారు. రేడియేషన్ వల్ల పొరలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి, ద్రవం ఎక్కించినా మచ్చ పైకి లేవదు, కత్తికి దారి దొరకదు. మళ్లీ రేడియేషన్ ఇవ్వడం కష్టం, ఆపరేషన్ ప్రమాదకరం. ఇలాంటి చోట చలి పనికొస్తుంది. వేడి చికిత్స విఫలమైన బారెట్స్ రోగులకూ ఇదే మాట వర్తిస్తుంది.

రెండింటినీ కలిపి కూడా వాడతారు. ఉబ్బెత్తుగా ఉన్న భాగాన్ని కోసి తీసి పరీక్షకు పంపి, చుట్టూ చదునుగా మిగిలిన చెడు పొరను చలితోనో వేడితోనో చంపడం బారెట్స్‌లో స్థిరపడిన పద్ధతి. అందుకే రెండింటిలో ఒకటే ఎంచుకోవాలన్న పట్టుదల కూడా అవసరం లేదు.

చలి పనికిరాని సందర్భాలు స్పష్టమే. కణజాలం పెళుసుగా ఉండే మార్ఫాన్ వంటి జబ్బులు, ఊబకాయానికి బైపాస్ ఆపరేషన్ జరిగి కడుపు చిన్నదైనవారు, గొట్టం దిగనంతగా అన్నవాహిక బిగుసుకుపోయినవారు. వీరిలో వాయువు బయటికి రాక కడుపు గానీ అన్నవాహిక గానీ చిల్లు పడవచ్చు.

మిగిలిన దారులు, క్లుప్తంగా

రేడియోఫ్రీక్వెన్సీ అబ్లేషన్ అనే వేడి చికిత్స చదునైన బారెట్స్ పొరకు బాగా పనిచేస్తుంది. దాని లోతు మిల్లీమీటరు లోపే. ఉబ్బెత్తు క్యాన్సర్‌కు అది చాలదు. ఆర్గాన్ వాయువు సాయంతో పొరను మాడ్చే ఆర్గాన్ ప్లాస్మా యంత్రం చాలా ఎండోస్కోపీ గదుల్లో ఉంటుంది కనుక అది కూడా ఎవరో ఒకరు సూచిస్తారు; దాన్ని మిగిలిన చిన్న చుక్కలను మాడ్చడానికి మాత్రమే ఒప్పుకోవాలి. మందు ఎక్కించి కాంతి ప్రసరించే ఫోటోడైనమిక్ చికిత్సలో, పాత మందు అయిన పోర్ఫిమర్ వాడితే కనీసం నెల రోజులు ఎండ తగలకూడదు. తిరుపతి ఎండల్లో, అదీ రోహిణి కార్తెలో, ఇది ఎంత మాటో వేరే చెప్పనక్కర లేదు.

ఆపరేషన్ అంటే అన్నవాహికలో అధికభాగం తీసి, కడుపును గొట్టంలా మలిచి పైకి లాగి కలపడం. గ్రంథులు కూడా బయటికి వస్తాయి కనుక, ఉపశ్లేష్మపొరలోకి లోతుగా దిగిన క్యాన్సర్‌కు, ఒంట్లో శక్తి ఉన్న మనిషికి ఇప్పటికీ ఇదే బలమైన చికిత్స. కానీ ఎక్కువగా చేసే కేంద్రాల్లో కూడా నూటికి ఇద్దరు నుంచి ఐదుగురు వరకు ఆపరేషన్ తర్వాత చనిపోవచ్చు. శ్లేష్మపొర దాటని మచ్చకు నేరుగా ఆపరేషన్ సలహా వస్తే ఈఎస్‌డీ చేసేచోట మరోసారి చూపించుకోవాలి. ఆపరేషన్ వద్దనుకున్నవారికి, చేయలేనివారికి కీమో, రేడియేషన్ కలిపి ఇచ్చే దారి స్క్వామస్ రకంలో బాగానే పనిచేస్తుంది.

ఇక్కడి నుంచి ఎక్కడికి

తిరుపతిలో ఉన్నవారికి స్విమ్స్, 2022లో మొదలైన టాటా క్యాన్సర్ ఆస్పత్రి దగ్గరలో ఉన్నాయి. చిత్తూరు వైపు వారికి వేలూరు సీఎంసీ గంట ప్రయాణం, అలవాటైన దారి. చెన్నై, హైదరాబాదు ఆ తర్వాత. ఏ ఆస్పత్రికి వెళ్లినా, వెళ్లకముందు ఫోను చేసి ఈఎస్‌డీ గురించి అడగవలసినవి, క్రయోథెరపీ గురించి అడగవలసినవి వేర్వేరు. అన్నవాహికలో ఈఎస్‌డీ చేస్తారా, ఏడాదికి ఎన్ని చేస్తారు అన్నది మొదటి ప్రశ్న. పెద్దపేగులోనో కడుపులోనో చేసే అనుభవం పనికొస్తుంది కానీ అన్నవాహిక గోడ పలచన, చోటు ఇరుకు. ఇక్కడి అనుభవం ఇక్కడిదే. క్రయోథెరపీ యంత్రం మన దేశంలో అరుదు. ఉందని చెప్పినా అది ద్రవ నైట్రోజన్ స్ప్రేనా, బెలూనా అని అడగాలి. చర్మవ్యాధుల విభాగంలో పులిపిర్లకు వాడే నైట్రోజన్ డబ్బా ఇక్కడ లెక్కలోకి రాదు.

ఖర్చు విషయంలో, ఎన్టీఆర్ వైద్య సేవ కింద గానీ ఆయుష్మాన్ భారత్ కింద గానీ వెళ్లేవారు ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను చికిత్స పేరు చెప్పి, ఆ పేరుతో ప్యాకేజీ ఉందా లేదా అని రాతపూర్వకంగా కనుక్కోవాలి. క్యాన్సర్‌కు వర్తిస్తుందన్న మాటతో సరిపెట్టుకోకూడదు. ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఒక లెక్క, గొట్టం ద్వారా చేసే చికిత్స మరో లెక్క కావచ్చు. సొంత డబ్బుతో చేయించుకునేవారు ఒక విడత ధరను కాక మూడు, నాలుగు విడతల ధరను, ప్రతిసారీ ఇద్దరు మనుషుల రాకపోకలను, గది అద్దెను కలిపి లెక్కవేసుకోవాలి. ఇలా వేస్తే చాలాసార్లు ఒక్కసారి చేసే ఈఎస్‌డీ చవకగా తేలుతుంది.

చికిత్స జరిగిన రాత్రి ఆస్పత్రి ఉన్న ఊళ్లోనే ఉండటం మంచిది. ఛాతీలో మోస్తరు నొప్పి, మింగేటప్పుడు మంట కొన్ని రోజులు ఉంటాయి. నొప్పి అంతకంతకూ పెరగడం, జ్వరం, మెడ దగ్గర చర్మం ఉబ్బి నొక్కితే చిటపటలాడటం, రక్తపు వాంతి, నల్లని విరేచనం, ఇవి కనబడితే తెల్లవారేదాకా ఆగకూడదు. మొదటి రోజు ద్రవాలే. తర్వాత చల్లార్చిన రాగి జావ, మజ్జిగ, మెత్తగా ఉడికించిన పప్పన్నం. సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి, కారం డాక్టరు చెప్పేదాకా వద్దు. పుండు మానడానికి ఇచ్చే యాసిడ్ తగ్గించే మాత్రలను మధ్యలో మానేయకూడదు.

స్క్వామస్ రకం వచ్చినవారి నోరు, గొంతు కూడా ఒకసారి ఈఎన్‌టీ డాక్టరు చూడాలి, ఎందుకంటే పొగాకు, మద్యం పాడుచేసింది అన్నవాహిక ఒక్కదాన్నే కాకపోవచ్చు. ఆ రెండూ ఆపితే కొత్త మచ్చ వచ్చే అవకాశం తగ్గుతుంది. ఆపకపోతే ఏ చికిత్స చేసినా పక్కనే మరొకటి మొలవవచ్చు.

చికిత్స తర్వాత మొదటి ఏడాది మూడు నెలలకోసారి, ఆ తర్వాత డాక్టరు చెప్పిన వ్యవధుల్లో ఎండోస్కోపీ చేయించుకోవాలి, స్క్వామస్ రకమైతే అయోడిన్ చల్లి. గడ్డకట్టించిన చోట పైకి బాగున్నట్టు కనబడినా అక్కడి నుంచి మళ్లీ బయాప్సీ తీయించుకోవాలి. కోసి తీసిన మనిషి చేతిలో అంచులు శుభ్రంగా ఉన్నాయన్న రిపోర్టు ఒకటి ఉంటుంది. గడ్డకట్టించుకున్న మనిషికి ఈ తనిఖీలే రిపోర్టు. సేద్యం పనుల వల్లనో, తోడు వచ్చేవారు లేకనో, డబ్బు కుదరకనో ఆ తేదీలకు రాలేమని ముందే తెలిసిన ఇంటివారు, వేరే దారి ఏ కొంచెం ఉన్నా క్రయోథెరపీకి ఒప్పుకోకూడదు.